తాగి నడిపితే... బెయిలు వచ్చినా వదలని కేసు

* స్టేషన్‌ బెయిలు నిందితుడి హక్కు... దానికి రుసుము లేదు
* ఇంటికి పంపినంత మాత్రాన కేసు మూసినట్లు కాదు
* వాయిదా తప్పితేనే అసలు చిక్కు

నల్గొండ: హైదరాబాద్‌-విజయవాడ జాతీయ రహదారిపైనో, పట్టణ కూడలిలోనో రాత్రివేళ పోలీసులు వాహనం ఆపుతారు. బ్రీత్‌ ఎనలైజర్‌లో ఊదమంటారు. అంకె హద్దు దాటితే వాహనం పక్కకు, మనిషి స్టేషనుకు. ఆ వెంటనే ఇంటికి ఫోను వెళుతుంది. కుటుంబ సభ్యులకు అప్పుడు తట్టే ప్రశ్నలు రెండే. 'జైల్లో పెడతారా? విడిపించాలంటే ఎంతవుతుంది?' ఈ రెండింటికీ చట్టంలో స్పష్టమైన సమాధానాలున్నాయి. అవి తెలియకపోతే దళారుల మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మనిషి ఇంటికి చేరగానే కేసు ముగిసిందనుకొని కోర్టు వాయిదాను విస్మరించడం అంతకంటే పెద్ద ప్రమాదం.

హద్దు 30 మిల్లీగ్రాములు

మోటారు వాహనాల చట్టం-1988లోని 185వ సెక్షన్‌ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్‌ ఉన్న స్థితిలో వాహనం నడపడం, నడిపేందుకు ప్రయత్నించడం నేరం. ద్విచక్ర వాహనమైనా, ఆటో అయినా, లారీ అయినా హద్దు ఒక్కటే. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో శిక్షలు పెరిగాయి. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.15 వేల జరిమానా, లేదా రెండూ తప్పవు.

హెల్మెట్‌ లేకపోవడం వంటి ఉల్లంఘనలకు అక్కడికక్కడే చలానా కట్టి బయటపడవచ్చు. 185వ సెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు. రాజీ రుసుముతో ముగించదగిన నేరాల జాబితాలో చట్టం దీనిని చేర్చలేదు. జరిమానా ఎంతో, శిక్ష ఏమిటో తేల్చేది మేజిస్ట్రేటు మాత్రమే. కనుక రోడ్డుపై డబ్బు తీసుకొని 'కేసు లేకుండా చేస్తాం' అని ఎవరైనా అంటే అది చట్టబద్ధమైన మాట కాదు.

అరెస్టు చేస్తే... రెండు గంటలు కీలకం

తన కళ్లెదుట ఈ నేరం జరిగినప్పుడు యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని 202వ సెక్షన్‌ చెబుతోంది. అయితే దానికో షరతు ఉంది. అరెస్టు చేసిన రెండు గంటల్లోపు రిజిస్టర్డ్‌ వైద్యుడితో పరీక్ష జరిపించాలి. లేనిపక్షంలో ఆ వ్యక్తిని కస్టడీ నుంచి విడిచిపెట్టాలి. అలా విడిచిపెట్టడం కేసు కొట్టివేసినట్లు మాత్రం కాదు.

ఊదడానికి నిరాకరిస్తే తప్పించుకోవచ్చనే అపోహ కొందరిలో ఉంది. మద్యం తాగినట్లు అనుమానించడానికి తగిన కారణం ఉండి, నిందితుడు పరీక్షకు ఒప్పుకోకపోయినా పోలీసులు అరెస్టు చేయవచ్చు. స్టేషనులో రక్త నమూనా అడగవచ్చు. సహేతుక కారణం లేకుండా నిరాకరిస్తే, ఆ నిరాకరణే ప్రాసిక్యూషన్‌కు బలం చేకూర్చే అంశంగా కోర్టు భావించవచ్చు.

పట్టుబడిన ప్రతి ఒక్కరినీ అరెస్టు చేయాలన్న నిబంధన ఏమీ లేదు. నోటీసు ఇచ్చి, కుటుంబ సభ్యుల సమక్షంలో కౌన్సెలింగ్‌ జరిపి, నిర్ణీత తేదీన కోర్టుకు హాజరు కమ్మని పంపడం కూడా జరుగుతుంది. అరెస్టు చేసిన పక్షంలో కారణం చెప్పాలి. బెయిలు పొందే హక్కు ఉందని తెలియజేయాలి. బంధువులకో, స్నేహితులకో కబురు చేయాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 47, 48 సెక్షన్లు ఈ బాధ్యతలను పోలీసులపై ఉంచాయి.

పూచీకత్తు అంటే రుసుము కాదు

ఇతర చట్టాల కింద మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలన్నీ సాధారణంగా బెయిలబుల్‌ కోవలోకే వస్తాయి. ఎవరికీ గాయం కాకుండా కేవలం తాగి నడిపిన కేసు ఇందులోదే. సంహితలోని 478వ సెక్షన్‌ ప్రకారం ఇలాంటి కేసులో బెయిలు అధికారి దయాదాక్షిణ్యాలపై ఆధారపడదు. నిందితుడు పూచీకత్తు ఇవ్వడానికి సిద్ధపడితే స్టేషను అధికారి విడుదల చేయవలసిందే. దీనినే వాడుకలో స్టేషన్‌ బెయిలు అంటున్నారు.

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతుంటారు. బాండు పత్రంపై రూ.10 వేలనో, రూ.20 వేలనో రాస్తే ఆ సొమ్ము అప్పటికప్పుడు కట్టాలని భావిస్తారు. వాస్తవానికి అది చెల్లింపు కాదు, ఒక హామీ. 'పిలిచినప్పుడు హాజరవుతాను, రాకపోతే ఈ మొత్తానికి బాధ్యుణ్ని' అని నిందితుడు రాసి ఇస్తాడు. 'ఇతడు రాకపోతే ఆ మొత్తానికి నేను బాధ్యుణ్ని' అని జామీనుదారు రాసి ఇస్తాడు. అధికారి అనుమతితో బాండుకు బదులు నగదు డిపాజిట్‌ చేసే వీలుంది. అప్పుడు రసీదు తప్పనిసరిగా తీసుకోవాలి. షరతులు పాటించినవారికి ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

జామీను ఇచ్చేవారు లేని నిరుపేదల సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. వారిని సొంత పూచీకత్తుపైనే విడుదల చేయాలని అదే సెక్షన్‌ చెబుతోంది. అరెస్టయిన వారం రోజుల్లో జామీను చూపలేకపోయిన వ్యక్తిని నిరుపేదగానే పరిగణించాలి. బాండు మొత్తం మితిమీరి ఉండరాదన్నది కూడా చట్టంలోని మాటే.

స్టేషనులో విడుదల కాకపోతే...

అరెస్టు చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. అక్కడ న్యాయవాది ద్వారా బెయిలు కోరవచ్చు. బెయిలబుల్‌ నేరం కనుక గతంలో బెయిలు షరతులు ఉల్లంఘించి ఉంటే తప్ప నిరాకరించడానికి వీల్లేదు. జామీనుదారులు ఆధార్‌ కార్డు, ఫొటోలతోపాటు తమ స్తోమతను తెలిపే పత్రాలు తీసుకురావాల్సి ఉంటుంది. ఉద్యోగులైతే వేతన ధ్రువపత్రం, ఇతరులైతే ఇంటి పన్ను రసీదు వంటివి కోర్టులు అడుగుతుంటాయి. ఏవి కావాలో ముందే న్యాయవాదిని అడిగి సిద్ధం చేసుకుంటే పూట వృథా కాదు.

జామీనుదారులు సమయానికి రాకపోతే బెయిలు మంజూరైనా నిందితుడు జైలుకు వెళ్లవలసి రావచ్చు. పత్రాలు సమర్పించి, కోర్టు వాటిని ఆమోదించిన తరువాతే విడుదల ఉత్తర్వు జైలుకు చేరుతుంది. అక్కడి అధికారులు పేరు, తండ్రి పేరు, గుర్తింపు చిహ్నాలు సరిచూస్తారు. మరో కేసులో వారెంటు పెండింగులో ఉందేమో పరిశీలిస్తారు. ఉత్తర్వులో పేరు ఒక్క అక్షరం తప్పుపడినా ఆలస్యం కావచ్చు. సాయంత్రం ఖైదీల లెక్క చూసి గదులకు తాళాలు వేసిన తరువాత ఉత్తర్వు చేరితే విడుదల సాధారణంగా మరుసటి ఉదయానికి వాయిదా పడుతుంది.

బెయిలు వచ్చినా జైల్లోనే మగ్గుతున్నవారి కోసం సుప్రీంకోర్టు 2023 జనవరి 31న మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజు లేదా మరుసటి రోజు ఈమెయిల్‌ ద్వారా జైలుకు పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ విషయాన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల రోజుల్లోనూ జామీను సమర్పించలేకపోతే షరతుల సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు.

వాహనం ఎవరికి అప్పగించాలి?

తాగి నడిపాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకొని ఉంచే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టం చేసింది. వాహనంలో ఉన్న మరో వ్యక్తి తాగకుండా ఉండి, లైసెన్సు కలిగి ఉంటే అతడిని నడపనివ్వాలి. అలాంటివారు లేకపోతే బంధువుకో, స్నేహితుడికో కబురు చేసి అప్పగించాలి. ఎవరూ రానప్పుడు మాత్రమే సమీప స్టేషనులో భద్రపరచాలి. యజమాని గానీ, అతడు అధికారమిచ్చిన వ్యక్తి గానీ రిజిస్ట్రేషన్‌ పత్రం, లైసెన్సు చూపితే తిరిగి ఇవ్వాలి. ఈ తీర్పు తెలంగాణ పరిధిలోనిది. కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లో పట్టుబడితే అక్కడి పోలీసులు, కోర్టుల విధానాన్ని అనుసరించవలసి ఉంటుంది.

ప్రాణం పోతే లెక్క మారుతుంది

పైన చెప్పిన వెసులుబాటంతా కేవలం తాగి నడిపిన కేసుకే. ప్రమాదంలో ఎవరైనా మరణిస్తే భారతీయ న్యాయ సంహిత కూడా రంగంలోకి వస్తుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారన్న 106(1) సెక్షన్‌ కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అది ఇప్పటికీ బెయిలబుల్‌ నేరమే. అయితే తన చర్య వల్ల ప్రాణాలు పోవచ్చని తెలిసీ నడిపాడని పోలీసులు భావిస్తే హత్య కిందకు రాని నరహత్య అభియోగంతో 105వ సెక్షన్‌ మోపవచ్చు. అది నాన్‌ బెయిలబుల్‌. అప్పుడు బెయిలు హక్కు కాదు, కోర్టు విచక్షణ. వారాలు, నెలలు జైల్లో గడపవలసి రావచ్చు.

2006లో ముంబయిలో పేవ్‌మెంటుపై నిద్రిస్తున్న ఏడుగురి ప్రాణాలు తీసిన కారు కేసులో ఈ తరహా అభియోగాన్నే ఖాయం చేస్తూ, డ్రైవరుకు పడిన మూడేళ్ల జైలుశిక్షను సుప్రీంకోర్టు 2012లో సమర్థించింది. 1999లో దిల్లీలో ఆరుగురు మృతిచెందిన బీఎండబ్ల్యూ కారు కేసులోనూ అదే ఏడాది ఇదే బాటలో తీర్పు చెప్పింది.

'ఒప్పుకుంటే పోతుంది' అనుకుంటే...

కోర్టులో తప్పు ఒప్పుకుంటే జరిమానాతో సరిపోతుందన్న సలహా తరచూ వినిపిస్తుంది. ఒప్పుకోవాలా, వద్దా అన్నది నిందితుడి ఇష్టం. కానీ పర్యవసానం తెలుసుకొని నిర్ణయించుకోవాలి. ఒప్పుకుంటే నేరం రుజువైనట్లే. జరిమానాతోపాటు జైలుశిక్ష విధించే అధికారం మేజిస్ట్రేటుకు అప్పుడూ ఉంటుంది. మరోసారి పట్టుబడితే అది రెండో నేరమై రెండేళ్ల శిక్ష పరిధిలోకి వెళుతుంది. ఒప్పుకున్న తరువాత అప్పీలులో సాధారణంగా శిక్ష పరిమాణాన్ని, దాని చట్టబద్ధతను మాత్రమే ప్రశ్నించవచ్చు.

లైసెన్సుపైనా వేటు పడుతుంది. తాగి నడిపినవారి లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్‌ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకు సూచించింది. స్టీరింగే బతుకుతెరువైన ఆటో, లారీ, క్యాబ్‌ డ్రైవర్లకు జరిమానా కంటే ఇదే పెద్ద దెబ్బ.

విచారణ జరిగి జైలుశిక్ష పడినా అప్పీలుకు దారి ఉంది. అప్పటికే బెయిలుపై ఉన్న వ్యక్తి అప్పీలు చేస్తానని తెలిపితే, ప్రత్యేక కారణాలుంటే తప్ప, అందుకు అవసరమైన గడువు వరకు అదే కోర్టు బెయిలు ఇస్తుంది.

వాయిదా తప్పితే...

బెయిలుపై వచ్చిన వ్యక్తి చెప్పిన తేదీన కోర్టుకు వెళ్లకపోతే నాన్‌ బెయిలబుల్‌ వారెంటు జారీ కావచ్చు. బాండు జప్తు చేసి, ఆ మొత్తం కట్టమని జామీనుదారుకు నోటీసు పంపవచ్చు. స్నేహం కొద్దీ సంతకం పెట్టిన మనిషి కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. తగిన కారణం లేకుండా హాజరు కాకపోవడం న్యాయ సంహిత 269వ సెక్షన్‌ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడదగిన మరో నేరం. పైగా, మాట తప్పినవారికి అదే కేసులో మళ్లీ బెయిలు నిరాకరించే అధికారం కోర్టుకు ఉంటుంది. హక్కుగా దక్కిన బెయిలు ఒక్క గైర్హాజరుతో చేజారుతుంది. అనారోగ్యం వంటి కారణంతో వెళ్లలేనప్పుడు న్యాయవాది ద్వారా ముందే కోర్టుకు తెలియజేసుకోవాలి.

ఇవి గుర్తుంచుకోండి

* సమన్లు, నోటీసు, బాండు ప్రతులు భద్రపరచుకోవాలి. వాయిదా తేదీని జామీనుదారుకూ చెప్పాలి.
* బ్రీత్‌ ఎనలైజర్‌ రీడింగు, పరీక్ష జరిగిన సమయం, అరెస్టు సమయం రాసి పెట్టుకోవాలి.
* ఏ సొమ్ము చెల్లించినా రసీదు అడగాలి.
* చిరునామా, ఫోను నంబరు మారితే కోర్టుకు తెలపాలి.
* కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.