ఏలూరు తివాచీకి ఇంట గిరాకీ ఏదీ?

ఏలూరు: ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లిన ఏలూరు ఉన్ని తివాచీకి ఇప్పుడు సొంత ఊళ్లోనే గిరాకీ తగ్గింది. పెళ్లిపందిళ్లలో, సభావేదికల మీద యంత్రాలపై తయారైన కృత్రిమ నార తివాచీలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. వాటి ధర తక్కువ, రంగుల మెరుపు ఎక్కువ. మన్నికలో మాత్రం చేతిముడి ఉన్నికి సాటి రావు.

ముస్లిం పాలకుల కాలంలో పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన పనివారు ఇక్కడ ఈ నేత మొదలుపెట్టారని చెబుతారు. గొర్రె ఉన్ని దొరకడం, మచిలీపట్నం రేవు చేరువలో ఉండడం కలిసివచ్చాయి. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్లాయి. పట్టణంలో తంగెళ్లమూడి ఈ పనికి పేరుపొందింది. రామచంద్రఖానీ, మహబూబ్‌ఖానీ అనే నమూనాల పేర్లు వింటేనే ఇది రెండు మతాలవారూ మెచ్చిన సరుకని తెలుస్తుంది.

ముడి వెనుక శ్రమ

నిలువు మగ్గానికి నూలు పడుగు బిగిస్తారు. రంగు ఉన్ని పోగును పడుగు దారాలకు చుట్టి, ముడివేసి, కత్తితో కోస్తారు. ఒక వరుస ముళ్లు పూర్తికాగానే పేక తోసి, దువ్వెన వంటి పంజాతో దట్టిస్తారు. చివరకు కత్తెరతో పైభాగాన్ని సమం చేస్తారు. అంగుళానికి ముళ్లు పెరిగే కొద్దీ పువ్వు స్పష్టంగా వస్తుంది, రోజులూ పెరుగుతాయి. ధర ఎక్కువ కావడానికి కారణం ఇదే.

1856లో ఇంగ్లండులో తొలి కృత్రిమ రంగు పుట్టాక నీలిమందు, మంజిష్ఠ వంటి చెట్ల రంగులు వెనకబడ్డాయి. ఆ తర్వాత యంత్రాల సరుకు పోటీకి వచ్చింది.

ఉన్ని, నూలు, నార

ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా తోచదు. కొల్లేటి గాలి తగిలే ఊళ్లకు ఇది మేలైన గుణం. నిప్పురవ్వ పడితే ఉన్ని ఆ మేరకు మాడుతుంది తప్ప త్వరగా మంట అందుకోదు. నైలాన్ వంటివి కరిగి అతుక్కుంటాయి. ఒంటిమీద బట్టకు నూలు, అవిసె నారతో నేసే లినెన్ శ్రేష్ఠం. చెమటను పీల్చుకుంటాయి. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లికి గోనె సంచి నప్పేదీ గాలి ఆడుతుందనే.

అసలు ఉన్ని అవునో కాదో తెలుసుకోవడం తేలిక. ఒక పోగు లాగి అంటిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. కృత్రిమ నార గట్టి పూసలా ముద్దకడుతుంది. నూలు కాగితంలా కాలుతుంది.

తివాచీని అప్పుడప్పుడు నీరెండలో వేసి దులపాలి. చిమటలు పట్టకుండా ఎండిన వేపాకు వేసి, గుడ్డలో చుట్టి దాచాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమ్మ నిలుస్తుంది.

కూలి గిట్టకపోతే నేతగాళ్ల పిల్లలు మగ్గం ఎక్కరు. పుస్తకం చూసి నేర్చుకునే విద్య కాదిది. నేర్పే చేయి ఆగితే ముడి అక్కడితో ఆగినట్టే. 2022లో ఏలూరు పేరుతోనే జిల్లా ఏర్పడింది. ఆ జిల్లా కార్యాలయాల్లో, అతిథి గృహాల్లో ఈ ఊరి తివాచీ ఒక్కొక్కటి పరిచినా మగ్గాలకు పని దొరుకుతుంది.