పడవకు కొత్త మోటారా? ముందు టేపు పట్టండి

నాగార్జునసాగర్ వెనుక జలాల్లో, నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ వైపు వేటకు పోయే మత్స్యకారులారా! పాత మోటారు మొండికేసిందని వెంటనే అడ్వాన్సు కట్టేయకండి. మోటారు బిగించే వెనుక చెక్క ఎత్తు కొలవండి. పైఅంచు నుంచి పడవ అడుగు దాకా 15 అంగుళాలుంటే పొట్టి షాఫ్టు, 20 ఉంటే పొడుగు షాఫ్టు. పొట్టిదైతే అలలకు ఫ్యాను గాలిలో తిరుగుతుంది, పడవ ముందుకు పోదు. మరీ పొడుగైతే ఎండాకాలం నీళ్లు తగ్గాక రాళ్లకు, మునిగిన మోళ్లకు తగులుతుంది.

హార్స్‌పవర్ ఎక్కువుంటే మంచిదే కదా అంటారు. చిన్న పడవకు కాదు. బరువుకు వెనుక కుంగుతుంది, పెట్రోలు ఖర్చు మీ నెత్తినే. టూ స్ట్రోక్ తేలిక, రిపేరూ సులువే; కానీ పెట్రోల్లో ఆయిల్ కలపాలి, తాగుడెక్కువ. రోజూ దూరం పోయేవాళ్లకు ఫోర్ స్ట్రోకే నయం. సామాన్లు దగ్గర్లో దొరకని కంపెనీది ఎంత చవకైనా వద్దు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో యూనిట్ ధరపై సబ్సిడీ 40 శాతం. ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. మోటారుకు ఈసారి యూనిట్లున్నాయా అని నల్లగొండ జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. సొసైటీ సభ్యత్వ కాగితం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, డీలర్ కొటేషన్ వెంట ఉంచుకోండి. మంజూరు పత్రం చేతికొచ్చాకే కొనండి.