ఇన్వర్టరు ఉండీ చీకటేనా?



మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మన కొరాపుట్ జిల్లాలో 1955లోనే పని మొదలుపెట్టింది. అయినా గాలివాన వస్తే "లైన్ గలా" అని ఒడియా పొరుగువారు, "కరెంటు పోయింది" అని మనమూ అనుకోవడం తప్పలేదు. అందుకే కొరాపుట్, రాయగడ ఊళ్లలో చాలా ఇళ్లకు ఇన్వర్టరు వచ్చింది. అది ఉండీ పది నిమిషాలకే కూత పెట్టి ఆగిపోతే ఏం చేయాలి?

ముందు లోడు లెక్క చూడండి. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1800 వాట్-అవర్లు. నష్టాలు పోను సుమారు 1200 చేతికందుతాయనుకుందాం. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్.ఇ.డి. దీపాలు కలిపి 190 వాట్లు. అంటే ఆరు గంటలు. ఇస్త్రీపెట్టె ఒక్కటే 1000 వాట్లు తాగుతుంది. ఫ్రిజ్ నడిచేటప్పుడు కొద్దిగానే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది. వీటిని ఇన్వర్టరు మీద పెట్టకండి.

లోడు సరిగానే ఉంటే మల్టీమీటరు తీయండి. ఒక వానాకాలం మా ఇంట్లో ఇదే జరిగింది. "బ్యాటరీ పోయింది, మార్చాలి" అన్నాడు మెకానిక్కు. ఫ్యాన్లు తిరుగుతుండగా బ్యాటరీ సీసపు కొనల మీద కొలిస్తే 12.1 వోల్టులు ఉంది. అదే వైర్ల రెండో చివర, ఇన్వర్టరు దగ్గర, 11 మాత్రమే! బ్యాటరీ బాగానే ఉంది. మధ్యలో క్లాంపు కింద తెల్లటి పొడి పేరుకుంది. తేమ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఇది మామూలే. చాలా ఇన్వర్టర్లు పదిన్నర వోల్టుల దగ్గర ఆగిపోతాయి కనుక, దారిలో ఒక్క వోల్టు పోయినా నష్టమే. అలా కాక, సీసపు కొనల మీదే వోల్టేజి త్వరగా పడిపోతుంటే బ్యాటరీ నిజంగానే బలహీనపడిందన్నమాట.

శుభ్రం చేసేముందు ఇన్వర్టరును ఆపి, ప్లగ్గు తీయండి. చేతి ఉంగరం కూడా తీసేయండి. నెగెటివ్ వైరు ముందు విప్పాలి, చివర బిగించాలి. మూతలు గట్టిగా ఉంచి, వంటసోడా నీళ్లతో పొడి కడిగి, తుడిచి ఆరబెట్టండి. బిగించాక పైన వేజలీన్ రాయండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. దగ్గర అగ్గిపుల్ల, బీడీ వద్దు. లోపల పోయడానికి డిస్టిల్డ్ వాటరే వాడాలి, బావినీరు కాదు.

కొత్త బ్యాటరీకి వేలు పోసేముందు ఈ రెండు చోట్లా ఒకసారి కొలిచి చూడండి. సెలవు.