శాసనపాఠ చరిత్రకు గిట్‌వెబ్: ఏలూరు, కొల్లేటి తామ్రశాసనములు ఉదాహరణముగా

1. ప్రస్తావన

శాసనమును పరిష్కరించి ప్రకటించుట యనగా పాఠమును గూర్చి యొక నిర్ణయమును లోకమునకు దెలుపుట. ఆ నిర్ణయమునకు ముందు పరిష్కర్త యే పాఠమును గ్రహించెనో, దాని నెందుచేత విడిచెనో ముద్రితగ్రంథమున సామాన్యముగా మిగులదు. అధోజ్ఞాపికలలో కొంత నిలుచును. తక్కినది పరిష్కర్తతోడనే పోవును. తరువాతి ముద్రణమున పాఠము మారినచో, తొలి పాఠమును జూడగోరిన వాడు పాత సంపుటములకై గ్రంథాలయములు తిరుగవలసి వచ్చును.

ఇట్టి మార్పుల చరిత్రను చెరగనీయక నిలుపు సాధనము కంప్యూటరు శాస్త్రమున కలదు. ప్రోగ్రాముల మూలపాఠమును పలువురు కలిసి వ్రాయునప్పుడు, ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని, ఏల మార్చిరో తెలియుటకై దానిని నిర్మించిరి. దాని పేరు గిట్. ఆ చరిత్రను బ్రౌజరులో చూపు గవాక్షము గిట్‌వెబ్. దీనిని స్థాపించి, శాసనపాఠముల కనుగుణముగా అమర్చుకొను విధానమును వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము. యంత్రమున కీయవలసిన ఆదేశములను ఉచ్చారణము ననుసరించి తెలుగు లిపిలో వ్రాయుచున్నాము; వాని నిచ్చునప్పుడు రోమను లిపిలో నీయవలెనని చదువరులు గ్రహింతురు గాక.

2. ఉదాహరణముగా గ్రహించిన శాసనములు

ఏలూరునకు సమీపమున నున్న పెదవేగియే ప్రాచీన వేంగీపురము. అచ్చట నుండి పాలించిన శాలంకాయనుల శాసనములలో రెండింటిని ఈ వ్యాసమునకు గైకొనుచున్నాము. మొదటిది దేవవర్మ మహారాజు ప్రాకృత శాసనము. అది ఆతని 13వ రాజ్యసంవత్సరము నాటిది. ఎలూర గ్రామమున గణశర్మ యను బ్రాహ్మణునకు 20 నివర్తనముల భూమి నొసగినట్లు చెప్పును. హుల్ట్జ్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటమున ప్రకటించెను. రెండవది చండవర్మ జ్యేష్ఠపుత్రుడగు నందివర్మ సంస్కృత శాసనము. కొల్లేటి శాసనమని ప్రసిద్ధమైన దీనిని ఫ్లీటు 1876లో ఇండియన్ ఆంటిక్వెరీ అయిదవ సంపుటమున ప్రకటించెను.

ఏలూరు శాసనమున రాజాజ్ఞ నందుకొను గ్రామస్థులకు ముఖ్యుడుగా నొక ఉద్యోగి పేర్కొనబడినాడు. ఆ పదమును పండితులు 'ముళుడ' యనియు, 'ముటుడ' యనియు రెండు విధములుగ చదివిరి. గ్రామాధికారి యని అర్థము చెప్పినను, పదస్వరూపము నిశ్చయము గానిదే దాని వ్యుత్పత్తిని గూర్చి పలుకుట సాహసము. ఒక్క యక్షరమును చదువుటలో గల యీ భేదము ఆ కాలపు గ్రామపాలనమును, భాషను గూర్చిన చర్చకు మూలమగుచున్నది.

ఏలూరు పేరున మఱియొక చిక్కు కలదు. ఆ కాలపు లిపియందు ఎకార ఏకారములకు వేరు వేరు చిహ్నములు లేవు. కావున ఆ గ్రామనామమును తెలుగు లిపిలో 'ఎలూర' యని వ్రాయుటయు, 'ఏలూర' యని వ్రాయుటయు పరిష్కర్త చేసికొన్న నిర్ణయమే గాని రాగిరేకుపై నున్న భేదము కాదు. ఈ సంగతి చెప్పక యొక రూపమును ముద్రించినచో, రేపు స్థలనామ పరిశోధకుడు ఆ హ్రస్వమునే ప్రమాణముగా గొని సిద్ధాంతము చేయవచ్చును. పాఠచరిత్ర కనబడవలసిన యావశ్యకత ఇట్టి చోట్ల తెలియును.

3. గిట్, గిట్‌వెబ్‌ల స్వరూపము

గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిలులో లినక్సు మూలపాఠమును కాపాడుటకై నిర్మించెను. ఇందు ఫైళ్ల సముదాయమును, దాని చరిత్రతో గూడ నిలిపిన చోటును భాండాగారమందము. పాఠమును మార్చి స్థిరపరచిన ప్రతి పర్యాయమును కమిట్ అందురు. ప్రతి కమిట్‌తోను మార్చిన వాని పేరు, కాలము, కారణము తెలుపు వాక్యము చేరును. దానికి 40 అక్షరాంకముల గుర్తు ఏర్పడును. ఆ గుర్తు పాఠము నుండియు, వెనుకటి కమిట్ గుర్తు నుండియు గణితమున పుట్టునది. అందుచేత పూర్వచరిత్రలో నొక్క యక్షరమును రహస్యముగా మార్చినను అటుపై గుర్తులన్నియు మారిపోవును, మార్పు బయటపడును.

ఈ చరిత్రను చూచుటకు సామాన్యముగా ఆదేశములు నేర్వవలెను. భాషావిద్యార్థికి ఆ శ్రమ లేకుండ చేయునది గిట్‌వెబ్. దీనిని 2005లో కే సీవర్స్ పెర్ల్ భాషలో వ్రాసెను. తరువాత నది గిట్‌లోనే యొక భాగమైనది. ఇది చూపునదే గాని మార్చునది కాదు. చదువరి దీని ద్వారమున పాఠము నేమియు చెరుపజాలడు.

4. పాఠమును సిద్ధపరచుట

గవాక్షము నమర్చుటకు ముందు పాఠమును క్రమపరుపవలెను. ఇందు నాలుగు నియమములు ముఖ్యములు.

మొదటిది: ఒక్కొక్క శాసనమునకు ఒక్కొక్క ఫైలు నుంచి, రేకుపై నున్న ఒక్కొక్క పంక్తిని ఫైలులో ఒక్కొక్క పంక్తిగా వ్రాయవలెను. గిట్‌వెబ్ భేదములను పంక్తులవారీగా చూపును. శాసనమంతయు ఒకే పేరాగా వ్రాసినచో, ఒక్క యక్షరము మారినను పేరా యంతయు మారినట్లు కనబడి ప్రయోజనము చెడును.

రెండవది: పాఠము యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 రూపమున నుండవలెను. మన ముద్రణాలయములలో వాడుక యందున్న అను ఫాంట్ల పాఠమును అట్లే యుంచినచో బ్రౌజరులో అర్థము లేని రోమను అక్షరములు కనబడును. వానిని ముందే మార్చుకొనవలెను.

మూడవది కంటికి కానరానిది. యూనికోడ్‌లో ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమును, ఐత్వపు గుర్తును వేరువేరుగా కూర్చియు వ్రాయవచ్చును. 'వైశాఖ' యని రెండు విధముల వ్రాసినను చూపునకు ఒకటియే. గిట్‌కు మాత్రము అవి భిన్నములు. పొల్లు తరువాత చేర్చు అదృశ్య సంకేతముల విషయమును ఇట్టిదే. కావున పాఠమంతటిని ఒకే ప్రమాణరూపమునకు దెచ్చి పిదప చేర్పవలెను. లేనిచో లేని పాఠభేదము లున్నట్లు తోచి పరిశోధకుడు మోసపోవును.

నాలుగవది: పూర్వపండితుల పాఠములను చేర్చునప్పుడు కమిట్ కర్తగా వారి పేరుంచరాదు. పాఠమును యంత్రమున కెక్కించిన వాడే కర్త. పండితుని పేరు, సంపుటము, సంవత్సరము కారణవాక్యమున చేరవలెను. గిట్ కాలగణనము 1970 జనవరి 1 నుండి ఆరంభమగును గనుక 1876 నాటి ప్రకటనమునకు ఆ తేదీ వేయుట కుదరదు. ప్రకటన కాలమును వాక్యమున వ్రాయుటయే మార్గము. లిప్యంతరీకరణ నియమములను, అందు ఎకార ఏకారముల నిర్ణయమును, 'రీడ్‌మీ' యను ఫైలులో వివరింపవలెను.

5. స్థాపన

స్వంత కంప్యూటరులో పరీక్షింప గోరువారు భాండాగారములో నిలిచి 'గిట్ ఇన్‌స్టావెబ్' అను ఆదేశ మీయవలెను. లైట్‌టీపీడీ వంటి చిన్న సర్వరు ఆ యంత్రమున ముందే యున్నచో, 1234వ ద్వారమున గిట్‌వెబ్ తెరుచుకొనును. ఇది అభ్యాసమునకు చాలును.

పలువురకు అందుబాటు గావలెనన్న స్థిరమైన సర్వరు కావలెను. డెబియన్, ఉబుంటు యంత్రములలో 'ఆప్ట్ ఇన్‌స్టాల్ గిట్‌వెబ్ అపాచీ2' అను ఆదేశముతో వలసినవి చేరును. గిట్‌వెబ్ సీజీఐ పద్ధతిని నడచునది గనుక 'ఏ2ఎన్‌మాడ్ సీజీఐ' అను ఆదేశముతో అపాచీకి ఆ శక్తి నీయవలెను. 'ఏ2ఎన్‌కాన్ఫ్ గిట్‌వెబ్' అని అమరికను చేర్చి అపాచీని మరల ప్రారంభించినచో, సర్వరు చిరునామా చివర 'గిట్‌వెబ్' అని చేర్చి చూచిన పుట తెరుచుకొనును. పుట తెరువక ప్రోగ్రాము పాఠమే కనబడినచో సీజీఐ నడచుట లేదని గ్రహింపవలెను.

ఆ యంత్రములలో భాండాగారములకు నియతమైన చోటు 'వార్' లోని 'లిబ్' లోని 'గిట్' అను డైరెక్టరీ. అందు 'గిట్ ఇనిట్ బేర్' అను విధమున, పని ఫైళ్లు లేని శుద్ధ భాండాగారమును నిర్మించి, మన పాఠమును అచ్చటికి పంపవలెను. ఇచ్చట నొక చిక్కు తరచుగా కలుగును. 2022 నుండి గిట్, అన్యుల యాజమాన్యమున నున్న భాండాగారమును చదువుటకు నిరాకరించుచున్నది. సర్వరు నడపు వాడుకరి యొకడు, భాండాగారమునకు యజమాని మఱియొకడు అయినచో లోపలి పాఠము తెరుచుకొనదు. అప్పుడు గిట్ యొక్క యంత్రవ్యాప్తమగు అమరికలో 'సేఫ్ డైరెక్టరీ' క్రింద ఆ భాండాగారపు మార్గమును చేర్పవలెను.

6. విన్యాసము

అమరిక లన్నియు 'ఎట్‌సీ' డైరెక్టరీలోని 'గిట్‌వెబ్.కాన్ఫ్' అను ఫైలులో నుండును. వానిలో ముఖ్యములు ఇవి.

'ప్రాజెక్ట్‌రూట్' అనునది భాండాగారము లుండు చోటును తెలుపును. 'సైట్‌నేమ్' పుటకు శీర్షిక నిచ్చును. ప్రతి భాండాగారములోను 'డిస్క్రిప్షన్' అను ఫైలు కలదు. అందు 'ఏలూరు, కొల్లేటి శాలంకాయన శాసనములు' అని వ్రాసినచో పట్టికలో అదియే కనబడును.

'బ్లేమ్' అను లక్షణము స్వభావసిద్ధముగా మూయబడి యుండును. మనకు మిక్కిలి ప్రయోజనకారి యిదియే గనుక దాని విలువను 1గా చేసి తెరువవలెను. 'స్నాప్‌షాట్' అనునది ఒక కమిట్ నాటి ఫైళ్లను ఒక మూటగా దింపుకొన నిచ్చును. సర్వరునకు శక్తి తక్కువైనచో దీనిని మూయవచ్చును.

'ఎక్స్‌పోర్ట్ ఓకే' అనునది యొక గుర్తుఫైలు పేరు. దానికి 'గిట్-డెమన్-ఎక్స్‌పోర్ట్-ఓకే' అని విలువ నిచ్చినచో, ఆ పేరు గల ఖాళీ ఫైలును మనము స్వయముగా నుంచిన భాండాగారములే లోకమునకు కనబడును. 'స్ట్రిక్ట్ ఎక్స్‌పోర్ట్' అను దానిని గూడ తెరిచినచో, పట్టికలో లేని దానిని చిరునామా నూహించి తెరువజూచిన వానికి అది దొరకదు. ఈ రెండింటిని అమర్పక సర్వరును లోకమునకు తెరుచుట తగదు.

ఈ జాగ్రత్తకు కారణము కలదు. శాసన పరిశోధకుని పని ఫైళ్లలో రేకుల యజమానుల పేర్లు, ఇండ్ల జాడలు, అనుమతి లేని ఛాయాచిత్రములు ఉండవచ్చును. వానిని నేడు తొలగించినను నిన్నటి కమిట్‌లో నిలిచియే యుండును. గిట్‌వెబ్ ఆ నిన్నటిని గూడ చూపును. చరిత్రను నిలుపు గుణమే ఇచ్చట దోషమగును. కావున పని భాండాగారమును, ప్రకటన భాండాగారమును మొదటి నుండియు వేరుగా నుంచుట మేలు.

7. పాఠకుడు చూచు విధము

పైవిధమున అమర్చిన గిట్‌వెబ్‌లో 'ముటుడ' పద మున్న ఫైలును తెరిచి 'హిస్టరీ' యను దానిని నొక్కినచో, ఆ ఫైలును తాకిన కమిట్‌లు వరుసగా కనబడును. 'డిఫ్' అను చోట విడిచిన పంక్తి ఎర్రగను, గ్రహించిన పంక్తి పచ్చగను ఉండును. 'బ్లేమ్' పుటలో ఒక్కొక్క పంక్తి ప్రక్కన, ఆ పంక్తిని తుదిసారి మార్చిన కమిట్ గుర్తు నిలుచును; గుర్తును నొక్కినచో కారణవాక్యము తెరుచుకొనును. "టకారము నిలిపితిని" యను వంటి వాక్యము వ్యర్థము. ఏ ప్రతికృతిని జూచి, ఏ యక్షరముతో పోల్చి నిర్ణయించిరో తెలుపు వాక్యమే ఉపయుక్తము. గవాక్ష మెంత చక్కగా నున్నను లోపల వ్రాయని కారణమును అది చూపజాలదు.

పరిశోధన వ్యాసములలో ఉదాహరించునప్పుడు శాఖ పేరుతో నున్న చిరునామా నీయరాదు. అది ఎల్లప్పుడు నూతన పాఠమునే చూపును. 40 అక్షరాంకముల గుర్తు గల చిరునామా నిచ్చినచో, రచయిత చూచిన పాఠమునే పదియేండ్ల తరువాతి చదువరియు చూడగలడు. అయితే సర్వరు నిలుచునంత కాలమే చిరునామా పనిచేయును. కాబట్టి భాండాగారపు పూర్ణప్రతులు రెండు మూడు చోట్ల నుంచవలెను. గుర్తు పాఠమునుండి పుట్టినది గనుక ఏ ప్రతియందైనను అదే గుర్తుతో అదే పాఠము దొరకును.

భాండాగారములు మిక్కిలి పెరిగి గిట్‌వెబ్ మందగించినచో, సీ భాషలో వ్రాయబడి పుటలను దాచియుంచు సీజిట్ అను సాధనమును గ్రహింపవచ్చును. సబ్‌వర్షన్ పద్ధతి ననుసరించు వారికి వ్యూవీసీ కలదు. శాలంకాయన శాసనముల వంటి చిన్న సముదాయమునకు గిట్‌వెబ్ చాలును.

8. ఉపసంహారము

2022లో జిల్లాల పునర్విభజనముచే ఏలూరు పేరున వేరొక జిల్లా యేర్పడినది. తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరిలో నిలిచినది. పాలనసీమ లెట్లు మారినను వేంగీ చరిత్ర ఆ యుభయులకును ఉమ్మడి సొత్తు. తాడేపల్లిగూడెమున 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. ఏలూరున 1945 నాటి సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల కలదు. సర్వరు నమర్చుట సాంకేతిక విద్యార్థికి స్వల్పకార్యము. ఏది పంక్తి, ఏది పాఠభేదము, ఏది లిప్యంతర నిర్ణయము అని చెప్పుట మాత్రము భాషాచరిత్రలు చదివిన వాని పని. ఇరువురును కూడినగాని యిది సిద్ధింపదు. కైకలూరున నున్న విద్యార్థి తన చేతి ఫోనులో కొల్లేటి శాసనమును తెరిచి, ఏ యక్షరమును ఎవరెట్లు చదివిరో తానే పరిశీలింపగలిగినచో పండితుల నిర్ణయమును ఊరక నమ్మవలసిన పని యుండదు. కారణములు చూచి అంగీకరించును, లేదా ఎదిరించును. ఈ రెండు శాసనములతో ఆరంభించి, పెదవేగి శాసనములను పిదప చేర్చుట సులభమైన క్రమము.