యాప్‌లో ఫ్యాన్ తిరుగుతోంది, ఇంట్లో గాలి లేదు! అసలు బ్లోయర్ ఎక్కడుంది?

స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టుకున్నాక మా ఇంటి ఏసీ గురించి నాకు అంతా తెలుసనుకున్నా. పోయిన జూలైలో డాలస్ ఎండ ఆ భ్రమ వదిలించింది.

గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చి వారమే అయింది. మధ్యాహ్నానికి ఇల్లు వేడెక్కడం మొదలైంది. యాప్‌లో ‘కూలింగ్’ అనే ఉంది, ఫ్యాన్ గుర్తు కూడా తిరుగుతోంది. పెరట్లో యూనిట్ నడుస్తోంది. కానీ సీలింగ్ వెంట్ల నుంచి గాలే రావట్లేదు. థర్మోస్టాట్ రీస్టార్ట్ చేశా, వైఫై రీసెట్ చేశా, యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. గంట పోయింది. ఒక సర్వీసు కంపెనీకి ఫోన్ చేస్తే, మనిషి వచ్చి చూడకముందే "పాత సిస్టమ్ కదా, మొత్తం మార్చేయండి" అన్నారు. అంటే వేల డాలర్లు!

అప్పుడు నాన్న అడిగారు: "ఒరేయ్, ఆ బయట ఫ్యాన్ గాలి పైకి పోతోంది కదా. మరి ఇంట్లోకి గాలి తోసేది ఏదిరా?"

నా దగ్గర సమాధానం లేదు.

ఫ్యాన్లు మూడు, వెతకాల్సింది ఒకటి

గ్యాస్ ఫర్నేస్, సెంట్రల్ ఏసీ ఉన్న ఇంట్లో మామూలుగా మూడు ఫ్యాన్లు ఉంటాయి. పెరట్లోది ఇంటి వేడిని బయట వదిలేస్తుంది. అక్కడి నుంచి ఇంట్లోకి గాలి రాదు, రాగి గొట్టాల్లో రిఫ్రిజిరెంట్ మాత్రమే వస్తుంది. రెండోది ఫర్నేస్‌కి పొగగొట్టం దగ్గరుండే చిన్న ఫ్యాన్. దాని పని చలికాలంలో పొగను బయటికి పంపడం. మూడోదే బ్లోయర్. డ్రమ్ములాంటి చక్రం, చుట్టూ సన్నని రెక్కలు, మధ్యలో మోటారు. చల్లగాలైనా వేడిగాలైనా గదుల్లోకి తోసేది ఇదే.

మరి యాప్‌లో తిరిగిన ఫ్యాన్? అది నా థర్మోస్టాట్ ఇచ్చిన ఆర్డర్ మాత్రమే. ‘జి’ అనే టెర్మినల్ మీద 24 వోల్టుల సిగ్నల్ పంపుతుంది, అంతే. మోటారు నిజంగా తిరిగిందో లేదో దానికి తెలియదు.

టిష్యూ పేపర్ టెస్ట్

ముందుగా కూలింగ్ ఆఫ్ చేయండి. గాలి ఆడకుండా ఏసీ నడిస్తే లోపలి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, కంప్రెసర్‌కీ ప్రమాదం. తర్వాత ఫ్యాన్‌ని ‘ఆటో’ నుంచి ‘ఆన్’కి మార్చి, గాలిని లోపలికి లాగే పెద్ద రిటర్న్ గ్రిల్ దగ్గర టిష్యూ పెట్టండి. బ్లోయర్ పనిచేస్తుంటే టిష్యూ గ్రిల్‌కి అతుక్కుంటుంది. నాన్న పెట్టిన టిష్యూ నేరుగా కింద పడింది.

ఇక బ్లోయర్‌ని కనిపెట్టడానికి గాలి దారి పట్టుకుని వెళ్లాలి. రిటర్న్ గ్రిల్, ఫిల్టర్, ఆ తర్వాత బ్లోయర్. గ్యాస్ ఫర్నేస్‌లో వరస ఇదే. నిలువుగా నిలబెట్టిన ఫర్నేస్ అయితే చాలావరకు కింది ప్యానెల్ వెనకే ఉంటుంది. టెక్సస్‌లో చాలా ఇళ్లలాగే మాదీ అటక మీద అడ్డంగా పడుకోబెట్టింది. రిటర్న్ డక్ట్ వచ్చి కలిసే చివరి ప్యానెల్ వెనక దొరికింది. హీట్ పంప్ ఇళ్లలో ఎయిర్ హ్యాండ్లర్ ఉంటుంది, అందులో చాలాసార్లు ముందు కాయిల్, తర్వాత బ్లోయర్.

ప్యానెల్ తెరిచే ముందు

బ్రేకర్, ఫర్నేస్ పక్కనున్న స్విచ్ రెండూ ఆపాకే ప్యానెల్ ముట్టుకోండి. ప్యానెల్ తీస్తే కరెంట్ కట్ చేసే చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. దానికి టేపు అతికించి మోసం చేయొద్దు. కరెంట్ ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ ఉండొచ్చు కాబట్టి దాన్ని చేత్తో తాకొద్దు. గ్యాస్ వాసన వస్తే వెంటనే ఇంట్లోంచి బయటికి వచ్చేయండి. వేసవి మధ్యాహ్నం అటక 50 డిగ్రీలు దాటుతుంది, అందుకే నేను మర్నాడు తెల్లవారుజామున ఎక్కాను.

ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. కెపాసిటర్ పైభాగం మాత్రం ఉబ్బిపోయి కనిపించింది. ఫోటో తీసి, ఈసారి వేరే టెక్నీషియన్‌కి "బ్లోయర్ తిరగట్లేదు, కెపాసిటర్ ఉబ్బింది" అని పంపా. ఆయన వచ్చి చెక్ చేసి, కెపాసిటర్ మార్చారు. వెంట్ల నుంచి గాలి వచ్చింది. కొత్త సిస్టమ్ ధర ముందు ఆ బిల్లు చిల్లర డబ్బులే.

ఇండియాలో స్ప్లిట్ ఏసీ వాడేవాళ్లకీ ఇది పనికొస్తుంది. గాలి బయటికి వచ్చే చోట, లోపల పొడవాటి రోలర్‌లా కనిపించేదే మీ బ్లోయర్. ఫిల్టర్ కడిగినా గాలి తక్కువగా వస్తోందా? ఏసీ ఆపేసి టార్చ్ వేసి చూడండి, దాని రెక్కల నిండా దుమ్ము ఉండొచ్చు.

నా థర్మోస్టాట్‌కి ఇప్పటికీ మంచి రేటింగే ఇస్తా. కాకపోతే గ్రిల్ పక్కన ఒక టిష్యూ బాక్స్ కూడా పెట్టుకున్నా.