మొదటి ప్రపంచయుద్ధంలో తెలుగు సిపాయి: పూర్వికుని ఆనవాళ్ళ అన్వేషణ పద్ధతి

వ్యాససంగ్రహం:
మొదటి ప్రపంచయుద్ధంలో (1914–18) పనిచేసిన తెలుగు సిపాయిల వివరాలను వారసులు వెతికేటప్పుడు కుటుంబస్మృతికీ సైనికపత్రానికీ మధ్య కనిపించే అంతరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. సైనికసంఖ్య, దళం, నాటి జిల్లా అనే ఆధారాలకు వ్యక్తినామ పరిశీలన ఎలా తోడ్పడుతుందో చూపుతుంది.

కీలకపదాలు: సిపాయి, మద్రాసు దళాలు, ఇంటిపేరు, లిప్యంతరీకరణ, కుటుంబచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
'జర్మనీ యుద్ధానికి వెళ్ళాడు', 'పటాలంలో చేరాడు' వంటి ఒకటి రెండు మాటలు తప్ప, ఆ యుద్ధంలో పనిచేసిన పూర్వికుని గురించి చాలా కుటుంబాలకు మరేమీ మిగలలేదు. 1919 చివరినాటికి భారతదేశం నుండి 14 లక్షల మందికి పైగా సైన్యంలో చేరారు. వారిలో సుమారు 8.77 లక్షల మంది యోధులు. మిగిలిన 5.63 లక్షల మంది కూలీలు, వంటవారు, పశువులను తోలేవారు వంటి యుద్ధేతర సిబ్బంది.

బ్రిటిష్ సైనికుల వ్యక్తిగత పత్రాలలో మిగిలినవి లండన్‌లోని క్యూ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. భారతీయ సిపాయిల పత్రాలు అలా ఒకచోటికి చేరలేదు. అవి ఆయా రెజిమెంట్ల వద్దనే ఉండేవి. మద్రాసు పదాతిదళాలు 1920లలో వరుసగా రద్దయ్యాయి. అందువల్ల పేరుతో మొదలుపెట్టిన అన్వేషణ తరచుగా మధ్యలోనే ఆగిపోతుంది. కుటుంబం పూర్వికుణ్ణి ఇంటిపేరుతో ఎరుగును. సైన్యం అతణ్ణి సంఖ్యతో, దళంతో ఎరుగును. ఈ రెంటినీ కలపడమే పరిశోధకుని పని.

2. సంఖ్య, దళం:
ఇంట్లో పతకం ఉంటే అదే తొలి ఆధారం. బ్రిటిష్ వార్ మెడల్ అంచుమీద గ్రహీత సంఖ్య, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. 1914–15 స్టార్‌కు ఈ వివరాలు వెనుకవైపు ఉంటాయి. పతకానికి మెరుగు పెట్టించే ముందే ఆ అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు రాసుకోవాలి. లోహం కూడా సాక్ష్యమే. వార్ మెడల్‌ను యోధులకు వెండితోనూ, కార్మికదళాల వారికి కంచుతోనూ ఇచ్చారు. కుటుంబం 'సిపాయి' అని చెప్పుకొనే వ్యక్తి పతకం కంచుదైతే, కార్మికదళాల పత్రాలనే ముందుగా వెతకాలి.

ప్రతి రెజిమెంటుకు తన సంఖ్యాక్రమం తనదే. కాబట్టి దళం తెలియని సంఖ్య నిరుపయోగం. దళాల పేర్లు కూడా స్థిరంగా లేవు. 1903లో కిచనర్ సంస్కరణల వల్ల మద్రాసు పదాతిదళాల సంఖ్యలకు 60 కలిసింది. 1వ మద్రాసు పయనీర్లు 61వ పయనీర్లు అయ్యారు. 1922 పునర్వ్యవస్థీకరణలో తిరిగి మద్రాసు పయనీర్లు అనే పేరు పొంది, 1933లో రద్దయ్యారు. ఈ దళం 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద పోరాడింది. పతకంపై 61వ పయనీర్ల పేరు ఉన్నప్పుడు ముందుగా తూర్పు ఆఫ్రికా పత్రాలను పరిశీలించాలి. క్యూలోని యుద్ధదినచర్యలు దళం ఏ రోజున ఎక్కడ ఉన్నదో తెలుపుతాయి. అయితే అవి అధికారుల పేర్లనే ఎక్కువగా పేర్కొంటాయి. సిపాయిలు మృతుల, క్షతగాత్రుల లెక్కల్లో కనిపిస్తారు.

3. స్మారకాలలో లేని పేరు:
మెసపొటేమియాలో మరణించిన 40 వేలకు పైగా సైనికుల కోసం 1929లో బస్రా స్మారకాన్ని ఆవిష్కరించారు. దానిపై భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సాధారణ సిపాయిలు మాత్రం తమ దళం పేరు కింద అంకెలుగా మిగిలారు. వారి పేర్లను వేరుగా గ్రంథస్థం చేశారు. స్మారకంలో పేరు లేకపోవడం మరణించలేదనడానికి సాక్ష్యం కాదు. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో వెలువరించిన నివేదిక ఇటువంటి అసమానతను అంగీకరించింది. ఆ సంస్థ అంతర్జాల జాబితాలో మృతుల వివరాలను వెతకవచ్చు. కొన్ని నమోదులలో తండ్రి పేరు, గ్రామం, జిల్లా కూడా ఉంటాయి.

4. నాటి జిల్లా, నాటి ప్రభుత్వం:
గ్రామాన్ని నేటి జిల్లాలో వెతికితే ఫలితం ఉండదు. భీమవరం, తణుకు ప్రాంతాలు 1904 నుండి 1925లో పశ్చిమగోదావరి ఏర్పడేవరకు కృష్ణా జిల్లాలో ఉన్నాయి. చిత్తూరు జిల్లా 1911లోనే ఏర్పడింది. అంతకుముందు చేరినవారి చిరునామా ఉత్తర ఆర్కాటుగా ఉండవచ్చు.

తెలంగాణ పూర్వికుల విషయంలో ప్రభుత్వమే వేరు. నిజాం ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం ఈ మూడు సంస్థానాల సైనికులదే. వీరి కోసం మద్రాసు పత్రాల కంటే హైదరాబాదు రాష్ట్ర అభిలేఖాగారంలోని నిజాం ప్రభుత్వ పత్రాలను ఆశ్రయించాలి. అందుకు ఉర్దూ, పారశీక పరిజ్ఞానం అవసరం.

5. వ్యక్తినామ పరిశీలన:
సైనికపట్టికలలో ఇంటిపేరు తరచుగా లోపిస్తుంది. మిగిలిన పేరు కూడా గుమాస్తా చెవికి వినిపించినట్లు రోమన్ లిపిలోకి మారింది. ఆ లిపి త–ట, ద–డ, ల–ళ భేదాలను, హ్రస్వదీర్ఘాలను చూపదు. అప్పలస్వామి 'అపలసామి'గా, వెంకటస్వామి 'వెంగటసామి'గా మారే అవకాశం ఉంది. కనుక వెతికే ముందే ఒక పేరుకు సాధ్యమైన రూపాలన్నింటినీ రాసుకోవాలి.

పేరు ప్రాంతాన్ని కూడా సూచిస్తుంది. అప్పలస్వామి, అప్పన్న సింహాచల క్షేత్రాన్ని, పైడయ్య విజయనగరం పైడితల్లిని, కోటయ్య కోటప్పకొండను, ఓబులేసు అహోబిలాన్ని తలపిస్తాయి. జిల్లా పేరు చెరిగిన పత్రంలో ఇటువంటి పేరు దారి చూపగలదు. అయితే భక్తికీ వలసకూ జిల్లా సరిహద్దులు లేవు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

6. ముగింపు:
ఒకే పేరున్నవారు ఒకే పట్టికలో పలువురు ఉండవచ్చు. తండ్రి పేరు, గ్రామం, దళం కలిసినప్పుడే గుర్తింపును నిర్ధారితమని చెప్పాలి. పేరు, జిల్లా మాత్రమే కలిస్తే 'సంభావ్యం' అని రాసి ఆగాలి. పొరపాటున మరొకరి మరణాన్ని తమ పూర్వికునికి అంటగడితే, ఆ సిపాయి కుటుంబానికి దక్కవలసిన ఏకైక ఆనవాలు చెరిగిపోతుంది. ఇంటిపేర్లు, గ్రామనామాలు, మాండలిక ఉచ్చారణలు తెలిసిన తెలుగు పరిశోధకులు ఈ పట్టికలను చదవడానికి పూనుకొంటే, అంకెలుగా మిగిలిన కొందరికైనా వారి పేర్లు తిరిగి దక్కుతాయి.