పెట్టెలో విరిగిన ఎముక.. గుహ గోడలో మిగతా అస్థిపంజరం!

దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్ దగ్గర స్టెర్క్‌ఫాంటైన్ గుహలున్నాయి. సున్నపురాయి జాతికి చెందిన డోలమైట్‌ను నీళ్లు కరిగించడంతో ఏర్పడ్డాయివి. పైకప్పు కన్నాల్లోంచి జంతువులు, మనిషి పూర్వీకులు లోపల పడిపోయేవారు. సున్నపు నీరు ఆ ఎముకల్ని, మట్టిని కలిపి కాంక్రీట్‌లా బిగించేసింది. అందుకే అవి లక్షల ఏళ్లు నిలిచాయి.

తర్వాత సున్నం కోసం గనివాళ్లు చేసిన పేలుళ్లలో కొన్ని విరిగిపోయాయి. 1994లో జంతువులవని పెట్టెల్లో ఉంచిన ఎముకల్లో శాస్త్రవేత్త రొనాల్డ్ క్లార్క్‌కు మనిషి పూర్వీకుల పాదం ఎముకలు దొరికాయి. మరి మిగతా శరీరం ఏది?

1997లో విరిగిన కాలి ఎముక నమూనాతో ఆయన సహాయకులు స్టీఫెన్ మోట్సుమి, న్క్వానె మొలెఫె చేతి దీపాలు పట్టుకుని గుహంతా వెతికారు. రెండు రోజుల్లోనే సరిగ్గా అతికే ముక్క గోడలో కనిపించింది! అదే ‘లిటిల్ ఫుట్’. రాతి నుంచి విడదీసి ప్రపంచానికి చూపించేసరికి 2017 వచ్చేసింది.

ఈ గుహ చూడ్డానికి వెళ్తే, గోడను ఉత్త రాయే కదా అనుకోకండి.